మా బడిలో ఏకగ్రీవ ఎన్నిక

ఏకగ్రీవం అంటే ఏమిటో పల్నాడులో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. సర్పంచ్ పదవికి నామినేషన్ వెయ్యటానికి బయల్దేరిన మనిషిని దారిలోనే ఆపి ఇంటికి పంపించి, ఆ సాయంత్రమే ఊరంతా ఒక్క మాట మీద ఉందని టపాసులు కాల్చటం నేను చూశాను. మాచవరం దగ్గర అలాంటి ఊళ్లోనే, హైస్కూల్లో సోషల్ మాస్టారుగా ప్రజాస్వామ్యం పాఠం చెబుతుంటాను. బోర్డు మీద 'రహస్య ఓటు' అని రాసి కింద గీత గీస్తాను. నా బోధనలో తిన్నగా ఉండేది ఆ గీత ఒక్కటే.

రెండేళ్ల క్రితం, పాఠంతో ఆగకుండా, బడి నాయకుడికి నిజంగానే ఎన్నిక పెడతానన్నాను. ఎవరైనా పోటీ చెయ్యొచ్చని గొప్పగా ప్రకటించాను. ఇద్దరు పేర్లిచ్చారు. ఒకడు ఊళ్లో పెద్ద రైతు మనవడు. బడికి ఫ్యాన్లిచ్చింది వాళ్ల తాతే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా ప్రతి రెక్క మీదా ఆయన పేరు ఎర్ర పెయింటుతో రాయించాడు. రెండో పేరు పదో తరగతి అమ్మాయిది. ఆమె అడిగింది ఒక్కటే: ఆడపిల్లల బాత్‌రూమ్ తాళం తియ్యాలి.

పిల్లలు పాడు చేస్తారని హెడ్మాస్టరు దానికి తాళం వేయించారు. తనిఖీకి ఎవరొచ్చినా అది తళతళలాడుతూ కనిపించేది. ఎవరూ అడుగుపెట్టనిది మెరవక ఏం చేస్తుంది? ఆడపిల్లలు మాత్రం పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు. అది మా అందరికీ తెలుసు. తెలిసే స్టాఫ్‌రూములో టీలు తాగేవాళ్లం.

ఆడపిల్లల ఓట్లన్నీ ఆ అమ్మాయికే పడతాయని తేలాక హెడ్మాస్టరు నన్ను పిలిచారు.

"ఏంది మాస్టారూ ఈ గొడవంతా? పెద్దాయన ఫోన్ చేశాడు. మనవడు ఓడిపోతే ఆయన తలెక్కడ పెట్టుకుంటాడు? ఏకగ్రీవం చేయించండి, చానా గౌరవంగా ఉంటది."

సరేనన్నాను. నరసరావుపేట బదిలీకి పెద్దాయన చేత ఒక మాట చెప్పించుకోవాలన్న ఆశ నాకూ ఉంది. అమ్మాయిని వరండాలోకి పిలిచాను.

"పబ్లిక్ పరీక్షలున్నాయి. నీకెందుకివన్నీ? పేరు వెనక్కి తీసుకో."

"ఎవరైనా పోటీ చెయ్యొచ్చని మీరే అన్నారు కదా సార్."

"పుస్తకంలో సంగతి వేరు, తల్లీ."

ఆడపిల్ల నోరు మూయించాలనుకున్నప్పుడే మాకు ఈ 'తల్లీ' గుర్తొస్తుంది.

"మరి తాళం?"

"నేను చూస్తాలే."

తలుపు దగ్గర వింటున్న మగపిల్లల్లో ఒకడు, "ఒరేయ్, ఎలక్షన్ అయిపోయింది, చాక్లెట్లు తేండ్రా" అన్నాడు.

మర్నాడు ప్రార్థన దగ్గర ఫలితం ప్రకటించాను. తాత వచ్చి మనవడికి శాలువా కప్పాడు. ఐకమత్యం గురించి నేనే ఉపన్యాసం ఇచ్చాను, తడుముకోకుండా. తాళం ఊసు మళ్లీ ఎత్తలేదు.

కొన్ని వారాల తర్వాత, ఒక రోజు ఇంటర్వెల్‌లో ఆ అమ్మాయి ఆడపిల్లలందరినీ వెంటబెట్టుకుని స్టాఫ్‌రూమ్ ముందు నిలబడింది. గంట కొట్టినా కదల్లేదు.

"ఏమే, క్లాసులకు పోరా?" అన్నారు హెడ్మాస్టరు.

"పోతాం సార్. తాళంచెవి ఇస్తే ముందు అటు పోయి, తర్వాత క్లాసుకు పోతాం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టరు నా వైపు తిరిగారు. "మీ పిల్లలే కదా, మీరు చెప్పండి."

ఇచ్చెయ్యండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను సొరుగు లాగి సుద్దముక్క వెతుక్కున్నాను. ఎంత వెతికినా వాళ్లు కదలకపోయేసరికి ఆయనే గొణుక్కుంటూ తాళంచెవి తీసి ఇచ్చారు.

తర్వాతి పీరియడ్ వాళ్ల క్లాసే. ఆ రోజు పాఠం పౌరుల భాగస్వామ్యం. ఉదాహరణ చెప్పమన్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. క్షమించమని అడగటానికి అంతకంటే మంచి సమయం నాకు దొరికేది కాదు. పుస్తకం తెరిచి, అందులో ఉన్న ఉదాహరణ చదివాను.