రైట్‌రైట్ పిన్ని మాటకి రోడ్డెక్కిన జనం

సిటీబస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఆవిడని ఆ వీధిలో అందరూ రైట్‌రైట్ పిన్ని అంటారు. ఉద్యోగం మానేసినా ఆవిడ గొంతు మాత్రం రిటైరవలేదు. మేడమీద బట్టలు ఆరేస్తూ కిందనున్న ఎవరినైనా పలకరిస్తే, ఆ మనిషితోపాటు పక్కవీధిలో పోయే సైకిలు కూడా ఆగుతుంది.

భర్త గడియారాలు బాగుచేసే మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునే పని ఆయనది. పిన్ని వంటింట్లోంచి ‘ఏమండీ’ అన్నప్పుడల్లా ఆ స్ప్రింగు ఎగిరి ఏ మూలకో పోయేది. ఇద్దరూ నేలమీద పాకుతూ వెతికేవాళ్లు. అలా వెతుకుతూనే సగం కాపురం అయిపోయిందని ఆయన అంటాడు. దొరకని స్ప్రింగులన్నీ పోగేస్తే పరుపు కుట్టించుకోవచ్చని ఆవిడ అంటుంది.

ఆవిడ పనిచేసిన డిపోని ఊరి చివరికి మార్చేశాక పాత రేకుల షెడ్లు ఖాళీగా పడున్నాయి. ఏరు పొంగి దిగువ ఊళ్లు మునిగినప్పుడు, ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న కుటుంబాలని తెచ్చి అక్కడ దింపారు. మొదట్లో అన్నం పొట్లాలు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, ఫొటోలు తీసేవాళ్లూ వచ్చారు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు. ఒకరోజు కుళాయి కూడా ఆగిపోయింది. అది మూతపడ్డ కట్టడం, మూతపడ్డ కట్టడానికి నీళ్లు వదలడం కుదరదన్నారు మున్సిపల్ ఆఫీసువాళ్లు. లోపల మనుషులున్నారు కదండీ అని అడిగితే, కాగితాల్లో లేరన్నారు.

పిన్నికి ఈ సంగతి తెలీదు. పాత చోటు ఒకసారి చూసొద్దామని ఊరికే అటు వెళ్లింది. బస్సులు కడిగే గచ్చుమీద ఒక బాలింత గొంతుక్కూర్చుని, చెంబుడు నీళ్లతో పసిబిడ్డ గుడ్డలన్నీ జాడించాలని చూస్తోంది. ఒకదాన్ని పిండగా వచ్చిన నీళ్లలోనే రెండోదాన్ని ముంచుతోంది. ఏనుగులకి స్నానం చేయించినట్టు పైపులు పెట్టి బస్సుల్ని కడిగిన చోటు అది. పిన్ని వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది.

“నీళ్లు తరిమితే పారిపోయి వచ్చామమ్మా. ఇక్కడేమో నీళ్లకే మొహం వాచిపోయాం,” అంది బాలింత, ఎవరిదో తమాషా కథ చెబుతున్నట్టు.

ఆ మధ్యాహ్నమే గడియారాల కొట్టు మూతపడింది. స్కూటరుకి ముందొక డబ్బా, వెనకొక డబ్బా, మధ్యలో భార్యాభర్తలు. నీళ్లు తొణికి ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయేది. ఎన్నిసార్లు తిరిగినా ఒక షెడ్డుకి సరిపోతే రెండో షెడ్డు నోరు తెరుచుకునే ఉండేది. స్కూటరుతో అయ్యే పని కాదని ఇద్దరికీ తెలిసింది గానీ, మానడానికి మనసొప్పలేదు.

సాయంత్రాలు ఆ షెడ్లలో పిల్లలకి చదువు చెప్పే లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, మున్సిపల్ ఆఫీసుకి ఎదురుగా ఉన్న ఫుట్‌పాత్ మీద ఖాళీ బిందెలతో నిలబడటానికి ఆయనే పర్మిషన్ తెచ్చాడు. షరతులు గట్టివి. నినాదాలు చెయ్యకూడదు. రోడ్డుమీదికి దిగకూడదు. దిగితే అక్కడితో సరి, మళ్లీ పర్మిషన్ అన్న మాటే ఉండదు. కుళాయి ఆశ కూడా దాంతోపాటే పోతుంది. ఈ ముక్క అందరికీ ఒకటికి పదిసార్లు చెప్పాడు. పిన్నిని మాత్రం పక్కకి పిలిచి, మీరు తప్పకుండా రావాలి, కాకపోతే, కాకపోతే అంటూ నసిగాడు.

“నోరు తెరవకూడదు, అంతేగా మాస్టారూ. దానికింత మొహమాటమా,” అంది పిన్ని.

నిలబడాల్సిన రోజు ఉదయం ఆవిడ బుగ్గన లవంగం పెట్టుకుని వచ్చింది. భర్త ఇచ్చిన సలహా అది. నోట్లో ఏదో ఒకటి ఉంటే మాట బయటికి రాదని ఆయన సిద్ధాంతం. ఇన్నేళ్లూ ఈ కిటుకు ఎక్కడ దాచారని ఆవిడ కళ్లతోనే అడిగింది.

జనం చప్పుడు లేకుండా నిలబడ్డారు, బిందెలు బోర్లించి చంకల్లో పెట్టుకుని. ఆ నిశ్శబ్దానికి దారినపోయే వాహనాలు వాటంతటవే నెమ్మదించాయి. ఆఫీసు కిటికీల్లో ఒక్కో తలకాయ మొలిచింది. తెలిసిన డ్రైవరెవరో బస్సాపి పలకరిస్తే పిన్ని చెయ్యి మాత్రం ఎత్తింది. మాస్టారి మొహం తేటపడింది.

చూసినవాళ్లు చూసినట్టే వచ్చి చేరుతున్నారు. మెకానిక్కులు వచ్చారు, కాలేజీ ఆడపిల్లలు వచ్చారు. ఫుట్‌పాత్ ఇరుకు. వెనకాల మూతలేని మురుగుకాలువ; అది ఆగేచోట ఒక పొడుగాటి గోడ, దాని పక్కన ఎవరూ నిలబడలేదు. పిన్ని యథాలాపంగా వెనక్కి తిరిగి చూసేసరికి, ఒక ముసలావిడ మడమ కాలువ అంచుమీద ఉంది. ఆవిడ భుజం పట్టుకుని, బిడ్డతో బాలింత నిలబడి ఉంది.

“ముందుకు జరగండి, జరగండి. ముందంతా ఖాళీయే.”

ఆ మాట ఎప్పుడు బయటికొచ్చిందో పిన్నికే తెలీదు. ఊళ్లో ఆవిడ బస్సెక్కని మనిషి లేడు. ఆ గొంతు వింటే ఎవరూ ఆలోచించరు, జరుగుతారు. మెకానిక్కులు జరిగారు, ఆడపిల్లలు జరిగారు, మాస్టారు కూడా ఒకడుగు వేశాడు. తెలివొచ్చి చూసుకునేసరికి సగం మంది నడిరోడ్డుమీద ఉన్నారు, ఒక లారీ బ్రేకు కీచుమంది.

జీపు దిగి పోలీసు అధికారి వచ్చాడు. పర్మిషన్ రద్దయింది, అందరూ ఇళ్లకి వెళ్లమన్నాడు. మాస్టారు బతిమాలాడు. ఆయన వినలేదు. బాలింత ఎవర్నీ ఏమీ అనకుండా చంకలో బిందెని సర్దుకుని వెనక్కి తిరిగింది. అది చూసి పిన్నికి ప్రాణం చివుక్కుమంది. లవంగం ఉమ్మేసి అధికారికి ఎదురుగా వెళ్లి నిలబడింది.

“బాబూ, వీళ్లు దిగలేదు, నేను దింపాను. ఆ ముసలామె కాలువలో పడబోతోంటే ఈ పాడు నోరు ఊరుకోలేదు. నన్ను జీపెక్కించు, వాళ్ల పర్మిషన్ మాత్రం తియ్యకు.”

ఆయన నమ్మలేదు. ఒక్క మనిషి ఒక్క మాటంటే ఇంతమంది దిగుతారా, ముందే కూడబలుక్కుని చేశారన్నాడు. పిన్ని ఆయనతో వాదించలేదు. జనం వైపు తిరిగి, నడుమ్మీద చెయ్యి వేసుకుంది.

“ఎక్కండి, ఎక్కండి. ఎక్కినవాళ్లు ఆ గోడ పక్కకి సర్దుకోవాలి. పెద్దవాళ్లకి ముందు చోటివ్వండి. బాలింత వస్తోంది, దారి.”

జనం ఫుట్‌పాత్ ఎక్కారు. గోడ పొడుగునా ఉన్న ఖాళీలోకి సర్దుకున్నారు. ముసలావిడ ముందు వరసలోకి వచ్చింది. ఏ సంబంధమూ లేని అరటిపళ్ల బండివాడు ఎక్కాడు. అధికారి వెనకాల నిలబడ్డ కానిస్టేబులు కూడా ఎక్కి, ఒద్దికగా పక్కకి జరిగాడు.

“నువ్వెందుకయ్యా ఎక్కావు?” అన్నాడు అధికారి.

“అలవాటు సార్,” అన్నాడు కానిస్టేబులు.

అధికారి నవ్వాపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు. సాయంత్రం దాకా నా కళ్లెదురుగానే ఉండాలి, ఇక ఒక్క కాలు కిందపడినా పూచీ నీదేనని పిన్నికి చెప్పి, జీపులో వెళ్లి కూర్చున్నాడు. నోరు మూసుకోవాలని మాత్రం ఆయన అనలేదు. ఎండ ముదిరేకొద్దీ నీడలో ఉన్నవాళ్లని ఎండలోకీ, ఎండలో ఉన్నవాళ్లని నీడలోకీ మారుస్తూ, పిన్ని ఆ రోజంతా బస్సు నడిపినట్టే నడిపింది.

ఆఫీసు మూసే వేళకి మున్సిపల్ కమిషనరుగారు కిందికి దిగాల్సి వచ్చింది; ఇంటికి పోవడానికి ఆయనకి ఉన్న దారి అదొక్కటే. మాస్టారు చెప్పాల్సినవన్నీ తడుముకోకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు. చూద్దామన్నాడు కమిషనరు. చూసేదాకా వీళ్లు మర్నాడూ నిలబడ్డారు, ఆ మర్నాడూ నిలబడ్డారు. చివరికి మనుషులొచ్చి డిపో గేటు పక్కన గొయ్యి తవ్వి, బిగిసిపోయిన వాల్వు తిప్పారు. కుళాయి దగ్గింది, ఎర్రగా కక్కింది, తర్వాత తేటగా పారింది.

ఆ సాయంత్రం పిన్ని, భర్తా డబ్బాలు లేకుండా వట్టి చేతులతో వెళ్లారు. బాలింత చాపవేసి కూర్చోబెట్టి, బిడ్డని పిన్ని ఒళ్లో పెట్టి లేచింది. గ్లాసు కడిగి, నిండా పట్టి, కొంగుతో అడుగు తుడిచి తెచ్చింది.

“ఇన్నాళ్లూ మీరొచ్చి పోతుంటే మంచినీళ్లు కూడా ఇవ్వలేకపోయాను. ఎంత సిగ్గుగా ఉండేదో,” అంది.

పిన్ని ఆ నీళ్లు గుటక గుటకగా తాగింది. దాహం లేకపోయినా ఇంకో గ్లాసు అడిగింది.