సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న అమ్మ

నేను నాలుగో తరగతిలో ఉండగా... విశాఖ బీచ్‌లో పొద్దున్నే అమ్మ ఇసుక మీద కూర్చుని ఉంది. ఎదురుగా బాపు, అంటే మా నాన్న, ఆమె బొమ్మ వేస్తున్నాడు.

బాపుది గోదావరిఖనిలో బొగ్గుబాయి పని. డ్యూటీ లేనప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మనుషుల బొమ్మలంటే మాత్రం ప్రాణం. కంపెనీ ఇచ్చే ఎల్టీసీ మీద సముద్రం చూడ్డానికి బయల్దేరితే, ఆయిల్ రంగులు, గుడ్డ బిగించిన చట్రం కూడా మాతో రైలెక్కాయి.

మొదటి రోజు గంట కాకముందే కుంచె దించేశాడు.

"ఎండ మారింది. రేపు గిదే టైముకు కూసోవాలె."

అట్లా మూడు పొద్దులు...

"సముద్రం సూపిస్తనని తోల్కచ్చి, దానికే ఈపు పెట్టి కూసోబెట్టినవ్," అంది అమ్మ.

"కదలకు సరోజా. నీ ఎనక నుంచి ఎండ ఎలుగొస్తాంది."

నేను తొంగి చూశాను. అమ్మ చెవులు నారింజ రంగులో, బుగ్గలు నీలంగా, మెడ కింద ఆకుపచ్చ... ఏమీ అర్థం కాలేదు. బడిలో మేము మొహమంతా ఒకే రంగు వేసేవాళ్లం.

"బాపూ, అమ్మ నీలంగ లేదు గదా?"

"మంచిగ సూడు బిడ్డా. అమ్మ అనుకోకు. ఉట్టి రంగులు సూడు."

అమ్మను చూస్తూ అమ్మ అనుకోకుండా ఎట్లా?... కళ్లు చిట్లించి చూశాను. ఒక్క క్షణం నిజంగానే నీలం కనిపించింది. కానీ అక్కడ కూర్చున్నది అమ్మ కాదు, ఎవరో! భయమేసి పరుగెత్తి ఆమె ఒళ్లో పడ్డాను. బాపు ఆ పూటకు రంగులు మూసేశాడు... నన్ను మాత్రం ఏమీ అనలేదు.

మూడో రోజు అమ్మ లేచి వచ్చి బొమ్మను చాలాసేపు చూసింది.

"నీ కండ్లకు నేను గిట్ల కనవడ్తున్ననా?"

"ఆ ఎలుగుల గట్లనే ఉన్నవ్."

అమ్మ తిన్నగా వెళ్లి మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉప్పునీళ్లు పడ్డాయంది. కోపమా, బాధా... బాపుకు కూడా తెలిసినట్టు లేదు. రంగు ఆరని ఆ బొమ్మను రైల్లో ఎవరూ తాకకుండా దారంతా ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు.

క్వార్టర్‌లో గోడకు తగిలిస్తే, పక్కింటి అవ్వ వచ్చి "గీమె ఎవరే?" అని అడిగింది. ఆ సాయంత్రమే అమ్మ దాన్ని తీసి బీరువా వెనక పెట్టింది. బాపు ఆ తర్వాత బోర్డులు రాశాడు గానీ, మళ్లీ ఎవరి మొహమూ గీయలేదు.

పోయిన నెల అమ్మను అడిగాను, ఆ రోజు ఎందుకు ఏడ్చావని. బెండకాయలు తరుగుతూనే చెప్పింది.

"షిఫ్టుల మనిషాయె... ఇంట్ల ఉంటె నిద్ర, లేకుంటె డ్యూటీ. పెండ్లయినంక నన్ను గంతసేపు సూసింది గప్పుడే. అంత సూసి... గా రంగులేసిండు."

"మరి నచ్చిందా, నచ్చలేదా?"

"ఏమో బిడ్డా... నాకూ ఎర్కలేదు."

ఇప్పుడు బీచ్‌కు వెళ్తే నిమిషానికి నలభై ఫొటోలు తీసుకుంటున్నాం... ఒక్క మొహాన్నీ నిదానంగా చూడడం లేదు. మీ ఇంట్లో ఎవరైనా, ఎవరినైనా, అంతసేపు చూస్తూ కూర్చోవడం మీకు గుర్తుందా?... ఉంటే రాయండి, నాకు చదవాలని ఉంది.