పండుగ కాకముందు మామిడికాయ

మా మేనత్త పోయిందని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. "సరే" అని పెట్టేసి, పొయ్యి మీది పాలు పొంగకుండా చూసుకున్నాను. అప్పటికే చర్చికని చీర కట్టుకుని ఉన్నాను. ఆ చీరతోనే ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేటలోని ఆమె ఇంటికి వెళ్లాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఏడుపు రావడం లేదు. లోపల అంతా మొద్దుబారిపోయింది.

రిటైరయ్యేదాకా ఆమె ములకలపల్లి అవతల, అడవి అంచు ఊళ్లో నర్సు. ఒక కోయ కుటుంబం ఇంట్లోనే గది కిరాయికి తీసుకుని ఉండేది. పిల్లలకు సూది వేసేముందు "నొప్పి పుడ్తది, నేను అబద్ధం చెప్ప" అనేది. పిల్లలు ఏడ్చేవాళ్లు, అయినా మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. నాకైతే ఈ నిజాయితీ ఏమాత్రం నచ్చేది కాదు, సూది నాకూ వేసేది కాబట్టి.

ఒక ఎండాకాలం నేను ఆమె దగ్గరికి పోతూ ఖమ్మం మార్కెట్లో మామిడికాయలు కొని పట్టుకెళ్లాను. అత్త సంచి ముడి కూడా విప్పనివ్వలేదు. ఆ ఊళ్లో పండుగ చేసి దేవతకు పెట్టేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు.

"మనకేంది అత్తా? మనం చర్చికి పోయేటోళ్లం గద."

"అవ్, పోతం. అయితే ఏంది? కాయ యాడికి పోదు."

అదే వారం ఆమె గదిలో ప్రార్థన కూడిక జరిగింది. భోజనాల దగ్గర పాస్టరుగారు తాను తెచ్చిన కాయ కోసి, ఉప్పుకారం అద్ది, ముక్క ఆమె కంచంలో వేశారు. ఆమె తినదని ఆయనకు ఎవరో చెప్పారు.

"తినమ్మా. దేనికి భయం? స్త్రీల కూడిక నడిపేదానివి, నువ్వే గిట్ల ఉంటే మిగతావాళ్లు ఏమనుకుంటరు?"

ఆ బాధ్యత అంటే అత్తకు ప్రాణం. ఆ ముక్కను వేలితో కంచం అంచుకు జరిపింది.

"భయమైతే తినేదాన్నే అయ్యగారూ, మీకు భయపడి. గోడ అవతల ఇంటామె పండుగ దాకా పిల్లల్ని ఆపుకుంటుంది. నేను ఈడ నములుతుంటే వాళ్లెట్ల ఆగుతరు?"

ముక్క కంచంలోనే ఉండిపోయింది. ఆ నెలలోనే కూడిక వేరొకామెకు అప్పగించారు. అత్త మాత్రం చర్చి మానలేదు. వెనక చాప మీద కూర్చుని, శ్రుతి తప్పినా గట్టిగానే పాడేది.

ఒకసారి బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు అడగకుండానే చెప్పింది. "తప్పు చేసిన్నేమో. దేవుడు ఏమనుకుంటుండో తెల్వది. తెల్వకుండనే చెయ్యాల్సొచ్చింది." నేను బస్సు వచ్చే వైపు చూశాను. ధైర్యం అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం కంచం అంచున మిగిలిన ఆ ముక్కే.

మర్నాడు సమాధి దగ్గర మావాళ్లంతా పిడికెడు మన్ను వేసి పక్కకు జరుగుతున్నారు. అత్త కిరాయికున్న ఆ కోయ ఇంటామె పొద్దున్నే బస్సెక్కి, ఎదిగిన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. చెప్పులు దూరంగా విడిచి, మన్ను పిడికిట్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మేము వేయొచ్చునా? మీ పద్ధతిల తప్పు గాదు గద?"

"వేయండి" అన్నాను. కానీ మా పాస్టరుగారు అప్పుడే ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె కళ్లు మూసుకోలేదు, మావాళ్లనే చూస్తూ నిలబడింది. ఎండ మండిపోతోంది. మా ప్రార్థన ముగిసేదాకా ఆమె ఆ పిడికిలి విప్పలేదు.