తటస్థుల వరుసలో మా మరిది

మా మరిది పోయాడన్న కబురు పోయిన మంగళవారం పొద్దున్న వచ్చింది. అప్పుడే పెనం మీద పెసరట్టు వేశాను. ఫోనులో తోడికోడలి ఏడుపు వింటూ నిలబడిపోయాను. అట్టు ఒక పక్క బొగ్గయింది. మా మరిది ఉంటే దాన్ని తిరగేసి చూసి, "ఈ పక్క బాగానే ఉన్నాది వదినా" అని తినేసేవాడు. అతని రాజకీయమంతా అంతే.

మర్నాడు పేపర్లు అతన్ని మితవాది అన్నాయి, అజాతశత్రువు అన్నాయి. మొదటి మాటతో నాకు తగవు లేదు. రెండోదాని గురించి మాత్రం చెప్పాలి. శత్రువు పుట్టాలంటే ముందు మనిషి నోట ఒక మాట పుట్టాలి. ఐదుసార్లు పోటీ చేసి మూడుసార్లు గెలిచిన మనిషి, శాసనసభలో అన్నేళ్లు కూర్చుని, ఔననీ కాదనీ గట్టిగా ఒక్కసారి అనకుండా బయటికి వచ్చాడు. ఓడిన రెండుసార్లూ గెలిచినవాడి ఇంటికి వెళ్లి దండ వేసి, కాఫీ తాగి వచ్చాడు. మూడు పార్టీల కండువాలు మార్చాడు. ఏ పార్టీలోంచి వచ్చేటప్పుడూ తలుపు చప్పుడు కానివ్వలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. పాతపట్నం బళ్లో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. జరిగింది చెప్పడమే నాకు అలవాటు.

నేను కాపురానికి వచ్చేసరికి అతనికి పదేళ్లు. లెక్కలు నేనే చెప్పాను. "జవాబెంత?" అని అడిగితే, "నువ్వెంతనుకుంటన్నావు వదినా?" అని నా మొహంలోకి చూసేవాడు. పెద్దయ్యాక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు గట్టు మీది చింతచెట్టు ఎవరిదో తేల్చమని వచ్చారు. ఇద్దరి మాటా ఓపిగ్గా విన్నాడు. "నీదీ నిజమే, ఆడిదీ నిజమే" అన్నాడు. ఇద్దరూ సంతోషంగా ఇళ్లకు వెళ్లారు. ఆ ఏడాది చింతపండు కోతులు తిన్నాయి. అన్నదమ్ములు మాత్రం ఓట్లు అతనికే వేశారు.

ఇంత మాటా అన్నాక రెండో పక్క కూడా చెప్పాలి. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మంచం పక్క స్టూలు మీద కూర్చుని బత్తాయిలు వలిచిపెట్టింది ఈ మరిదే. ఆయన పోయిన పదో రోజున, నా బొట్టు తీయించడానికి నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్లాలని ఆడవాళ్లు వచ్చారు. వసారాలో కూర్చున్న మా మరిది లేచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు. మా వదిన బొట్టు తియ్యదు."

"ఏటిరా, లోకం ఏటంటాది?" అంది వాళ్ల మేనత్త.

"ఏటన్నా అననీ అత్తా. ఈ గుమ్మం దాటించడానికి లేదు."

అతని నోట 'వద్దు' అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే. ఆడవాళ్లు వెళ్లిపోయేదాకా మనిషి అక్కణ్ణించి కదల్లేదు. ఇవాళ నా నుదుట ఉన్న బొట్టు అతను నిలబెట్టింది. అందుకే అతన్ని క్షమించడం నాకింత కష్టంగా ఉంది. చేతకానివాడైతే పోనీ పాపం అనుకునేదాన్ని. ఇతనికి చేతనవును.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో మా వైపు తంపర గొడవ నడుస్తోంది. తంపర అంటే సముద్రానికీ పొలాలకీ మధ్య ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే పల్లపు నేల. చేపలు పట్టేవాళ్లు, జమ్ము కోసి చాపలు అల్లేవాళ్లు, గేదెలు తోలుకునేవాళ్లు దాని మీదే బతికేవారు. దాన్ని సర్కారువాళ్లు తీసుకెళ్లి ఒక కంపెనీకి రాసిచ్చారు. మా మరిది కుంకుమ భరిణె పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బొట్టెట్టి ఓటడగాల వదినా. నువ్వెళ్తే నమ్ముతారు."

"తంపర సంగతి అడిగితే ఏం చెప్పను?"

"పోనివ్వనని సెప్పు."

నమ్మాను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డవాణ్ణి కళ్లారా చూసినదాన్ని, నమ్మక ఏం చేస్తాను? మా వైపు బొట్టు పెట్టి పిలిస్తే పెళ్లికి వెళ్లి తీరాలి. బొట్టు పెట్టి అడిగితే ఓటూ అంతే. పెట్టిన చెయ్యి కూడా ఆ మాటకు కట్టుబడాలన్నది మాత్రం ఎన్నికల్లో ఎవరికీ గుర్తుండదు. ఒడ్డున చేపలమ్మే పైడమ్మ నన్ను ఎగాదిగా చూసి మొహం మీదే అడిగింది.

"పంతులమ్మా, నువ్వు బొట్టెట్టొచ్చా?"

"మా మరిది ఉంచాడు," అన్నాను.

"అయితే మాట మీద నిలబడే మనిసే. పెట్టు," అని నుదురు ముందుకు చాపింది. ఆమె వెనక ఆ వీధి వీధంతా వరుస కట్టింది.

గెలిచాడు. అతని పార్టీయే గద్దెనెక్కింది. రెండేళ్లకు ప్రతిపక్షం వాళ్లు తంపరను కంపెనీ నుంచి వెనక్కి తీసుకోవాలని సభలో తీర్మానం పెట్టి, ఓటింగుకు పట్టుబట్టారు. ఆ రోజు పైడమ్మ కబురు పెడితే వెళ్లాను. వసారాలో స్టూలు మీద టీవీ, దాని ముందు పాతికమంది ఆడవాళ్లు. సభలో తీర్మానానికి ఔనన్నవాళ్లని ముందు లేపి తలలు లెక్కపెడతారు, తర్వాత కాదన్నవాళ్లని, చివర్న ఏ పక్కా కాని తటస్థుల్ని. నేను బళ్లో ఏటేటా చెప్పిన పాఠమే. ఔనన్నవాళ్లు లేచినప్పుడు మా మరిది కూర్చునే ఉన్నాడు. కాదన్నవాళ్లు లేచినప్పుడూ కూర్చునే ఉన్నాడు. మూడో పిలుపుకు, కండువా సర్దుకుని, తీరిగ్గా లేచి నిలబడ్డాడు. చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు. తెర మీద అతనొక్కడే.

సభలో గలాటాకి ఎవరు ఏమన్నారో ఆ వసారాలో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. వాళ్లకు కనిపించింది ఒంటరిగా నిలబడ్డ మనిషి.

"లెగిసినాడే," అంది పైడమ్మ. "అంతమందిలో ఒక్కడూ మన కోసం లెగిసినాడే." చప్పట్లు మోగాయి. ఒకామె కళ్లు తుడుచుకుంది. పైడమ్మ నా వైపు తిరిగి, "మన కోసమే కదా పంతులమ్మా?" అంది.

నేను మంచినీళ్లు అడిగాను.

తీర్మానం వీగిపోయింది. ఓడినా మా కోసం లేచాడని ఊరు ఊరంతా అతనికి దండలు వేసింది. వేయించుకున్నాడు. ఇంటికి వచ్చాక నిలదీశాను.

"రెండు పక్కలా నిజం ఉన్నాది వదినా. పార్టీ కాదనమన్నాది. నాను కాదనలేదు కదా. అది లెక్కలోకి రాదా?"

"ఔననీ అనలేదు కదరా."

"ఏటి సెయ్యమంటావు? ఇద్దరూ కావాల," అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. అతనితో వచ్చిన చిక్కే అది, బాధ కూడా నిజమే.

కంపెనీ తంపర చుట్టూ గోడ కట్టింది. గోడ లోపల ఇవాళ్టికీ ఏమీ కట్టలేదు. పైడమ్మ చెల్లెలు చాపలల్లడం మానేసి నెల్లిమర్ల వైపు కూలికి పోయింది. తర్వాతి ఎన్నికలకు మా మరిది మళ్లీ భరిణె తెచ్చాడు. మోకాళ్ల నొప్పులన్నాను. అతన్ని కాదనలేదు, పైడమ్మకు నిజమూ చెప్పలేదు. నేను వెళ్లకపోయినా గెలిచాడు. అతని తటస్థత సభ రికార్డుల్లో ఉంటుంది. నాది నా మోకాళ్లలో ఉండిపోయింది.

నిన్న కల్యాణమండపంలో సంతాపసభ పెట్టారు. మూడు పార్టీలవాళ్లూ వచ్చి, మావాడంటే మావాడన్నారు. వెనక వరుసలో కూర్చున్నాను. పైడమ్మ వచ్చి ఖాళీ గంప కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కన కూర్చుంది. ఎవరో తంపర కోసం అతను చేసిన పోరాటం గురించి మాట్లాడుతున్నారు. ఇంక ఆగలేకపోయాను.

"పైడమ్మా, ఆ రోజు టీవీలో అతను లేచింది మీ కోసం కాదు. ఏ పక్కా కానివాళ్లు లేవండంటే లేచాడు."

ఆమె నా వైపు చూడలేదు. "తెలుసు పంతులమ్మా. ఆ సందేళే మా అల్లుడు సెప్పినాడు. అప్పటికి దండలు కొనేసినాం."

"మరి నన్నడగలేదేం?"

"అడిగినాను కదా. మంచినీళ్లు తాగినావు." వేదిక వైపే చూస్తూ అంది, "నువ్వే సెప్తావని సూసినాం. బొట్టెట్టిన దానివి."

ఇంతలో మైకులో, పోయినవారికి గౌరవంగా అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. మండపమంతా లేచింది. నా మోకాళ్లు నిన్న బాగానే ఉన్నాయి. నేను లేవలేదు. పైడమ్మ నన్నొకసారి చూసి, గంపను కాస్త దగ్గరికి లాక్కుని, కూర్చునే ఉండిపోయింది.

కూర్చున్నవాళ్లకు లేచినవాళ్ల వీపులే కనిపిస్తాయి. ఆ వీపుల సందులోంచి వేదిక మీద అతని ఫోటో కనిపించింది, అదే కండువా, అదే నవ్వు. ఎవరో అద్దం మీద నుదుటి దగ్గర తడి కుంకుమ పెట్టారు. అది చెమ్మకు కరిగి, అటూ ఇటూ కాకుండా, ముక్కు మీదుగా తిన్నగా కిందికి జారుతోంది.