కాలరు నేర్పనివ్వని మా బావగారు

మా అక్క భర్త, సింగపూర్ తెలుగువారిలో వస్త్ర వ్యాపారిగా లబ్ధప్రతిష్ఠులు, సింహాద్రి నాయుడు గారు మొన్న మంగళవారం ఉదయం బూన్ లే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగుతూ, కూర్చున్న కుర్చీలోనే దివంగతులయ్యారు. ఆ వార్త విని నేను దిగ్భ్రాంతురాలినయ్యాను. దుఃఖంతో అనుకునేరు, కాదు. వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఆయన్ని ఒక మాట నిలదీసి అడగాలని నిశ్చయించుకుని ఉన్నాను. మీరు ఫ్యాక్టరీ పెట్టిన ఆ దీవిలో ఆడవాళ్ళకు చొక్కా కాలరు కుట్టడం నేర్పనిస్తే మీ సొమ్మేం పోయింది బావా, అని. అడిగించుకోకుండానే వెళ్ళిపోయారు. బతికినన్నాళ్ళూ జవాబు చెప్పవలసిన చోట ఆయన నిలవలేదు. మరణంలోనూ అదే చాకచక్యం చూపించారు.

ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఆయన స్మారక సంచికకు నన్ను వ్యాసం రాయమన్నారు. మరదలిని కనుక నాలుగు మంచిమాటలు రాస్తానని వాళ్ళ ఆశ. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. జురాంగ్ వెస్ట్‌లో ఆయన ఉన్న బ్లాకు కింద జరిగిన సంతాప సభలో ఆ సామెత అక్షరాలా నిజమైంది. ఒకాయన ఆయన్ని కర్మయోగి అన్నారు. ఇంకొకాయన ద్వీపవాసుల పాలిటి కల్పవృక్షం అన్నారు. మా బావగారి కళ్ళు చిన్నవే, కానీ ఆ కళ్ళకు లాభం ఎంత దూరాన ఉన్నా కనబడేది. ఉన్నమాట రాస్తాను, సంఘం వేసుకుంటే వేసుకుంటుంది.

మేము మలేసియా కొబ్బరితోటల్లో పుట్టిన తెలుగువాళ్ళం. తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. బావగారు యువకుడిగా ఉండగానే దక్షిణానికి దిగివచ్చి, జురాంగ్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పనికి కుదిరారు. మా అక్కను పెళ్ళాడాక నన్నూ అక్కడే కత్తెర పనిలో పెట్టించారు. నేను కటింగ్ మాస్టర్నయ్యేనాటికి ఆయన సొంత కంపెనీ పెట్టారు. ఒక గుణం మాత్రం ఒప్పుకోవాలి. ఎంత గడ్డుకాలం వచ్చినా జీతం ఒక్కరోజు ఆలస్యం చేసిన మనిషి కాదు. పనివాళ్ళ పక్కన కూర్చుని అదే అన్నం తినేవారు. ఆ విషయంలో ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తాను. మిగతా విషయాల్లో నా చేతులు లేవవు.

ఇక ఆ దీవి కథ. ఒక సంపన్న దేశం బయటినుంచి వచ్చే ప్రతి చొక్కా మీదా భారీ సుంకం వేసేది. అయితే సముద్రంలో చెదిరిపడి ఉన్న చిన్న దీవులు పాపం బతకాలని, అక్కడ కుట్టిన బట్టలకు మాత్రం ఆ సుంకం మినహాయించింది. సంకల్పం ఉదాత్తమైనదే. పరిశ్రమలు వస్తాయి, జనం పని నేర్చుకుంటారు, తమ కాళ్ళ మీద తాము నిలబడతారని ఆ దేశపు పెద్దలు తలచారు. పరిశ్రమ వచ్చింది. మా బావగారి రూపంలో వచ్చింది. ఒక కొనుగోలుదారు ఈ మినహాయింపు ఉన్న ఒక దీవి సంగతి ఆయన చెవిన వేసిన రోజు నాకు బాగా జ్ఞాపకం. భోజనాల దగ్గర చెప్పారు. ఆ దీవి ఎక్కడుందో కూడా ఆయనకు సరిగ్గా తెలియదు.

"అక్కడేటి తింటారండీ? ఎలాంటి మనుసులో ఏటో?" అంది అక్క.

"కరెంటుంది. ఓడొస్తాది. ఆడోళ్ళున్నారు. ఇంకేటి కావాల?" అన్నారాయన. "మనమేటి కాపరానికెల్తన్నామా? మినాయింపున్నన్నాళ్ళు కుట్టీడం. అదయిపోతే హబిస్, కత సరి, వచ్చీడమే."

హాకర్ సెంటర్‌లో మనవాళ్ళు టిష్యూ పొట్లం పడేసి ఈ బల్ల మాదేనని చోప్ చేసుకుంటారే, సరిగ్గా అలాగే ఆయన ఆ దీవి మీద కుట్టుమిషన్లు పడేసి సుంకం మినహాయింపును చోప్ చేసుకున్నారు. తిన్నంతసేపూ బల్ల మనదే. లేచాక ఆ బల్ల ఏమైతే మనకేం?

పర్యవేక్షణకు నన్ను పంపారు. నిబంధన ఒక్కటే, చొక్కాకు తుదిరూపం దీవి మీదే రావాలి. అంతకుమించి ఎవరూ అడగలేదు కనుక అంతకుమించి ఆయన ఏమీ చెయ్యలేదు. గుడ్డ మలేసియాలో, జొహోర్‌లో కత్తిరించేవారు. కష్టమైన పని, అంటే కాలర్లూ కఫ్‌లూ, అక్కడే కుట్టి కట్టలు కట్టి ఓడెక్కించేవారు. దీవి మీద రేకుల షెడ్డులో వందలాది ఆడవాళ్ళు ఆ ముక్కలను జోడించేవారు. ఒకామె పొద్దస్తమానం ఎడమ చెయ్యి తగిలిస్తుంది. ఇంకొకామె గుండీలు కుడుతుంది. చొక్కా మొత్తం ఎలా పుడుతుందో ఒక్కరికీ తెలియదు. "ముక్క నేర్పు, మూట నేర్పకు" అనేవారు బావగారు. ఈ సూక్తిని సభలో ఒక వక్త ఆయన వ్యాపారదక్షతకు నిదర్శనంగా ఉదహరించారు. జనం చప్పట్లు కొట్టారు కూడా.

మేము వెళ్ళకముందు ఆ ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేవారు, చాపలు అల్లేవారు. జీతాలు మొదలయ్యాక ఊరికి కళ వచ్చిన మాట నిజం. పిల్లల కాళ్ళకు చెప్పులు వచ్చాయి, ఇళ్ళకు రేకులు వచ్చాయి. చేపలు ఎండబెట్టే పందిళ్ళు మాత్రం ఒక్కొక్కటే కూలిపోయాయి, మళ్ళీ వేసే తీరిక ఎవరికీ లేదు. చొక్కాలు తీసుకెళ్ళే ఓడే డబ్బా చేపలు దించేది. చుట్టూ సముద్రం పెట్టుకుని డబ్బా చేపలు! ప్రభుత్వం వారేమో ఎగుమతులు పెరిగాయని వేదికలెక్కి మురిసిపోయేవారు. గుడ్డ బయటిది, దారం బయటిది, గుండీ బయటిది, లాభం బయటికే పోయేది. ఊళ్ళో మిగిలేది కుట్టుకూలి ఒక్కటే.

లూసీ అని ఒక అమ్మాయి ఉండేది. చేతులు తగిలించే వరసలో పని. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ నా పక్కన కూర్చుని, "ఆంటీ, మా పిల్లల స్కూలు చొక్కాలు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసా? ఓడలో వస్తాయి. మేము ఊరందరికీ కుడతాం, మా పిల్లలకు కొనుక్కుంటాం" అంది. నవ్వుతూనే అంది గాని నాకు నవ్వు రాలేదు. మరో నలుగురితో కలిసి స్కూలు చొక్కాలు కుట్టే చిన్న కొట్టు పెట్టాలని ఆమె కోరిక. పాదిరిగారు చర్చి పక్క గది ఇస్తానన్నారు. కావలసింది విద్య. ఆదివారం ప్రార్థన అయ్యాక పాత న్యూస్‌పేపర్లు పరిచి నేను నేర్పడం మొదలుపెట్టాను. కాగితం మీద ముందు భాగం, వెనుక భాగం, భుజం, చెయ్యి. చురుకైన పిల్ల, కత్తెర పట్టడంలోనే ఆ సంగతి తెలిసిపోయేది. కాలరు ఒక్కటే మిగిలింది. చొక్కాకు అదే ప్రాణం, అదే కష్టం. కొలత కాస్త తప్పితే మెడ దగ్గర చచ్చిన చేపలా వేలాడుతుంది. వచ్చే ఆదివారం కాలరు, అని చెప్పి పంపాను.

శనివారం బావగారు విమానం దిగారు. ఎవరు చెప్పారో తెలియదు.

"ఏటే వరాలూ, స్కూలెట్టీసేవంట?" అన్నారు షెడ్డు గుమ్మంలోనే.

"ఆదివారం నా సొంతం కదా బావా" అన్నాను.

"ఆదివారం నీదేనే. ఆ పిల్ల నాది. రేపు దానికి కాలరొచ్చిందంటే సొంత కొట్టెట్టుకుంటాది. కూడా పదిమందిని లాక్కుపోతాది. అప్పుడు నా మిషను కాడ ఎవులు కూకుంతారు, నువ్వా?"

"మినహాయింపు పోతే మనం పోతాం. అప్పుడు వాళ్ళకేం మిగులుతుంది, మీరే చెప్పండి."

"మనం పోయేక సంగతి మనకేల? నీకు పెట్టిన పనేటి, నువ్వు సేత్తన్న పనేటి? చుకుప్, ఇంక చాలు. బేగు సర్దుకో."

మర్నాటి విమానానికి నన్ను సింగపూర్ పంపించేశారు. లూసీ చర్చి గదిలో న్యూస్‌పేపర్లు పరుచుకుని నా కోసం కూర్చుందని తర్వాత తెలిసింది. అమ్మా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, తాను నేర్పరు, నేర్పేవాళ్ళను నేర్పనివ్వరు. ఆనాటినుంచి పండక్కీ పబ్బానికీ ఆయన ఇంట్లో అన్నం తిన్నాను గాని, మనసారా పలకరించింది లేదు.

ఆ మినహాయింపును ఎవరూ రద్దు చెయ్యలేదు. ఆ సంపన్న దేశం మిగతా దేశాల చొక్కాల మీద కూడా సుంకం తగ్గించుకుంటూ వచ్చిందంతే. అందరికీ సింహద్వారం తెరిచాక పెరటి గుమ్మం ఎవరికి కావాలి? బావగారు లెక్క చూసుకున్నారు, షెడ్డు మూసేశారు. ఆఖరి జీతం రోజు తప్పకుండా ఇచ్చారు, అది ఆయన పద్ధతి. పాతవైనా సరే, తుప్పు పట్టినవైనా సరే, కొన్ని మిషన్లు వదిలివెళ్ళమని ఆడవాళ్ళు బతిమాలారట. ఒక్కటీ వదల్లేదు. అన్నీ ఓడెక్కించి జొహోర్‌లో అమ్మేశారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. చేపల పందిళ్ళు లేవు, కొత్త ఫ్యాక్టరీ రాలేదు. వయసులో ఉన్నవాళ్ళు పరాయి దేశాల్లో ఇంటిపనులకు వెళ్ళిపోయారు. లూసీకి ముసలి తల్లి ఉంది కనుక ఉండిపోయింది.

బావగారు చింతించే మనిషి కాదు. అప్పటికి సింగపూర్‌లో ఎక్కడ చూసినా కంప్యూటర్ మాటే. క్లెమెంటిలో ఫ్లాట్లు అద్దెకు తీసుకుని, దేశంనుంచి తెలుగు కుర్రాళ్ళను దింపి, పాత ప్రోగ్రాముల్లో తేదీలు రెండువేల సంవత్సరానికి సరిచేసే పని మొదలుపెట్టారు. గుడ్డ మారింది, పద్ధతి మారలేదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క. సంతాప సభలో కిరణ్ అనే గుంటూరు కుర్రాడు "అంకుల్ లేకపోతే నేను సింగపూర్ మొహం చూసేవాణ్ణి కాదండి" అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఏడ్చాడు. తర్వాత టీ తాగుతుంటే, ఇప్పుడేం చేస్తున్నావు బాబూ అని అడిగాను.

"ఖాళీ ఆంటీ. ఆ వైటూకే పని అయిపోయింది కదా. ఇంటర్వ్యూకి వెళ్తే మొత్తం ప్రాజెక్ట్ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యమంటున్నారు. నేను మొత్తం ఎప్పుడు చూశాను? రెండేళ్ళూ డేట్ మార్చడమే కదండీ నా పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క దగ్గరకు వెళ్ళి, మీ ఆయన ఆ దీవికి చేసిందే ఈ పిల్లలకూ చేశాడు అనేశాను. భర్త పోయి వారం కాలేదు, అనకూడని మాటే. అక్క కోపం తెచ్చుకోలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకేలే వరాలూ? ఆ కుర్రోడు దండం ఎట్టాడు. ఆ దీవిలో ఆడోళ్ళు ఒక్కర్తైనా ఇన్నేళ్ళల్లో ఆయన్ని ఒక్క మాటన్నారా? నీ ఒక్కర్తికేనే ఈ మంట" అంది.

అందుకే లూసీకి ఫోన్ చేశాను. చర్చికి చేస్తే ఎవరో వెళ్ళి పిలుచుకొచ్చారు. ఆయన పోయారని చెప్పాను. ఆమె నాతో గొంతు కలుపుతుందని, ఇద్దరం కలిసి ఆయన్ని తనివితీరా తిట్టుకుంటామని నా ఊహ. అవతలనుంచి ఏడుపు వినబడింది. ఆదివారం అందరినీ పోగుచేసి ఆయన ఆత్మకోసం ప్రార్థన చేయిస్తానంది.

"ఆయన నీకేం చేశాడని లూసీ?" అన్నాను, ఉండబట్టలేక.

"వచ్చాడు కదా ఆంటీ. ఆయనకు ముందు మా దగ్గరికి ఎవరూ రాలేదు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఎవరూ రాలేదు."

 ఆయన లేని వెలితి ఎన్నటికీ పూడదని సభలో వక్తలందరూ అన్నారు. వాళ్ళకు తెలియకపోయినా అది సత్యమే. ఆ దీవిలో ఆయన ఖాళీ చేసిన చోటు ఈనాటికీ ఖాళీగానే ఉంది. అంత బీదరికంలో ఉన్నవాళ్ళకు కాస్త పెట్టి, ఆ కాస్తకే జీవితాంతం కృతజ్ఞులను చేసుకోగలిగిన మనిషి మీద నాకు అసహ్యమూ వేస్తోంది, ఆయన పెట్టిన ఆ కాస్త కూడా ఇంకెవరూ పెట్టలేదే అని దుఃఖమూ వస్తోంది.

లూసీ ఏడుపు ఆపుకుని కబుర్లు చెప్పింది. పాదిరిగారు కాలితో తొక్కే పాత మిషను ఒకటి సంపాదించారట. దాని మీద ఆడపిల్లలకు మెడ గుండ్రంగా ఉండే గౌనులు కుడుతోందట. స్కూలు చొక్కాలు ఇప్పటికీ ఓడలోనే వస్తున్నాయి, కాలరు రాదు కనుక. "ఇప్పుడు మీరు రాకూడదా ఆంటీ?" అంది. వస్తానన్నాను. టికెట్టు కూడా కొన్నాను.

బావా, నా శ్రద్ధాంజలి ఇదే. వచ్చే నెల ఒక ఆదివారం ఆ చర్చి గదిలో లూసీకి కాలరు నేర్పబోతున్నాను. టికెట్టు చేతికి వచ్చినప్పుడు, ఈ సంగతి మీకెవరైనా చేరవేస్తే, శనివారం మీరు మండిపడుతూ ఆ గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎంత బాగుండునో అనిపించింది. మీకు చెప్పవలసిన జవాబులన్నీ ఇన్నేళ్ళుగా సిద్ధం చేసి పెట్టుకున్నాను. మీకు ఎదురు నిలబడి నేర్పాలనుకున్నాను గాని, అడ్డు చెప్పేవారే లేకుండా నేర్పవలసి వస్తుందని అనుకోలేదు.