సగం మాటలు నా చెల్లెలికియ్యి ప్రభువా

పోయినేడు ఈ దినాల్లో మా ఇంట్లో మాట వినపడేది కాదు సహోదరులారా! నేనుండే ఇంట్లో మాట లేదంటే మీలో ఒక్కరూ నమ్మరు, ఎందుకంటే నా పేరు యోబు అయినా బైబిల్లో ఆ యోబుకున్న ఓపిక నాకు చిటికెడు కూడా రాలేదు, ఏడో తరగతిలో అయ్యవారు నన్ను బయట నిలబెడితే అట్లే నడుచుకుంటా పోయి నీళ్ల ట్యాంకరెక్కినోణ్ణి, అప్పట్నుంచి అనంతపురం వీధులకు నీళ్లూ ఎగతాళీ రెండూ నేనే పోస్తాండా. అట్లాంటి నా నోరు కూడా మూతపడిన చీకటి కాలం అది. దాంట్లోంచి దేవుడు మమ్మల్ని ఎట్ల బయటికి తెచ్చినాడో ఈ కోత పండుగ పూట సాక్ష్యంగా చెప్తా, నిదానంగా వినండి.

నా చెల్లెలు రూతు ఈ ఊర్లోనే ఇంజనీరింగు చదివింది, మెకానికల్. తోటి పిల్లలు సాఫ్ట్‌వేరు అని బెంగళూరు బస్సులెక్కుతాంటే, చివరి సంవత్సరంలో ఇది మాత్రం "అన్నా, నేను ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగులోకి పోతా" అనింది.

"ఏ బ్రాంచి మే?" అన్నా.

"బ్రాంచి కాదన్నా! కంపెనీలకు వెల కట్టే పని. ఒక కంపెనీని ఇంకొకరు కొనాలన్నా, షేర్లు బజారుకు తేవాలన్నా, అది ఎంత చేస్తాదో మేం లెక్కగట్టి చెప్పాల."

"ఓహో, సంతలో ఎద్దు పళ్లు చూసే దళారి పని, కాకుంటే ఏసీలో!"

"అంతే అనుకో. మా ఎద్దుకు పళ్లుండవు, బ్యాలెన్స్ షీట్లుంటాయి" అని నవ్వింది. అప్పట్లో దానికి నవ్వుండేది.

మన మందిరంలో ప్రార్థన మనవి మైకులో చదివితే వీధి చివర బజ్జీల బండి దాకా వినపడుతుంది కదా. అమ్మ సంతోషం పట్టలేక "మా పాపకు బ్యాంకు ఉద్యోగం కావాల, ప్రార్థించండి" అని చెప్పేసింది, ఇంకేముంది, సంఘమంతా మోకరించి "తండ్రీ, ఆ బిడ్డకు కౌంటరు కాడ సీటు దయచేయి" అని కన్నీళ్లతో వేడుకునింది, ఒక అన్న అయితే చెప్పులేసుకుంటానే "పాపా, బంగారు లోను తొందరగా ఇప్పించాల మాకు" అని మాట కూడా తీసుకున్నాడు! ప్రేమతోనే చేసినారు, కానీ ఆ పిల్ల ఇంటర్వ్యూల బరువొకటే మోయలేదు, ఆదివారం ఆదివారం "ఏమైంది పాపా?" అని అడిగే ముఖాలన్నీ కూడా మోసింది.

ఒక చోట ఇంజనీరుకు అకౌంట్లేం తెలుసన్నారు, ఇంకోచోట మీ కాలేజీ పేరే వినలేదన్నారు. ఆ తర్వాతది ఫోన్లో ముఖాలు చూసుకుంటా జరిగింది, మధ్యలో ఒక సారు ఏదో అడిగినాడు, రూతుకు జవాబు తెలుసు, నోరు తెరిచింది, గొంతు రాలేదు! వాళ్లు కాసేపు చూసి థాంక్యూ చెప్పి పోయినారు. ఆ గొంతు మళ్లీ రాలేదు సహోదరులారా. అన్నం కావాలన్నా చెయ్యి చూపేది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, గొంతు బాగుండాది, బెదురు పట్టింది, బలవంతపెట్టొద్దు అనింది. నాకొచ్చిన కోతి వేషాలన్నీ వేసినా, ట్యాంకరు హారన్‌తో పాట వాయించినా, పెదవి కదల్లేదు. అంతలో ముంబై నుంచి నేరుగా వచ్చి కనపడమని ఇంకో పిలుపు వచ్చింది, అదే ఆఖరిది, అది చూసి రూతు ఫోను బోర్లా పెట్టేసింది.

బోరు కాడ పైపు పట్టుకొని నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, తప్పయితే క్షమించు, పంచేటప్పుడు నువ్వు చూసుకోలేదేమో. నాకు మాటలు ట్యాంకరుకు పోసినావు, దానికి చెంబుకు పోసినావు, ఆ చెంబూ ఎండిపోయింది. నాలో సగం తీసి దానికియ్యి. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు నన్ను తిట్టే గొంతు ఇయ్యి అయ్యా." ట్యాంకరు నిండి నీళ్లు కాళ్ల మీద పడేదాకా నాకు తెలివి లేదు.

ముంబై పోవాల్సిన వారానికి ముందు ఆదివారం మన కోత పండుగ. పండించింది దేవుని ముందర పెట్టి, ఆరాధన అయినాక వేలం వేస్తాం, ఒక్క వంకాయ కోడి ధరకు పోతాది, పాడుకున్నోళ్లు మందిరానికి డబ్బు కట్టి, కాయను మళ్లీ పాటకే ఇచ్చేస్తారు, ఎగతాళి చేసి పాట పెంచేది నా పరిచర్య. కానీ అది వాన మోసం చేసిన ఏడు, బల్ల మీద పెద్దగా ఏమీ లేవు. చివర్లో మార్తమ్మవ్వ కొంగు విప్పి ఒక గుమ్మడికాయ పెట్టింది, పిడికిలంత, ఒక పక్క ఎండకు మాడింది. దాన్ని పైకెత్తినా. ఎవరూ పాడలేదు. తక్కువ పాడితే అవ్వకు అవమానం, ఎక్కువ పాడితే జాలి పడినట్లు. అవ్వ తల దించుకునింది. ఏదో ఒకటి అని నవ్విద్దామని నోరు తెరిచినా, సహోదరులారా, ఒక్క మాట రాలేదు నాకు! నలుగురి ముందర నాకట్ల కావడం పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి!

అప్పుడు వెనక ఆడోళ్ల వరసలోంచి, బొంగురుగా, "అన్నా, పాట నేను మొదలుపెడతా" అని వినపడింది.

రూతు! లేచి నిలబడింది. "అందరూ కాయను చూస్తాండారు. పాదును చూడండి. ఈ ఏడు మన ఊర్లో పాదును బతికించుకున్నది ఈ అవ్వ ఒక్కతే. వచ్చే ఏడుకు గింజలు యాడుండాయి? దీంట్లోనే ఉండాయి. దీని వెల ఈ పొద్దుటిది కాదు" అనింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది. ఇంక చూడాల, మగోళ్ల పక్క నుంచి ఒకరు, ఆడోళ్ల పక్క నుంచి ఒకరు, పాట అట్లా పైకి పోతానే ఉండాది, నేను మాత్రం ఆ కాయ పట్టుకొని మూగోని మాదిరి నిలబడినా. అడిగినట్లే సగం తీసుకున్నాడు, దానికిచ్చినాడు! దేవునికే మహిమ!

ముంబైకి నేనూ తోడు పోయినా, ఆ అద్దాల మేడ కింద టీ కొట్టు కాడ ప్రార్థన చేసుకుంటా నిలబడినా. ఈ ఏడు లాభం లేని కంపెనీకి వెల ఎట్ల కడతావమ్మా అని లోపల అడిగినారంట. మా రూతు మొదట గుమ్మడికాయ సంగతి చెప్పి, ఆనక దానికి తగ్గ లెక్కలన్నీ వేసి చూపించిందంట. ముందు నేర్చుకునే పనికి తీసుకున్నారు, తర్వాత అట్లే పెట్టుకున్నారు. ఇప్పుడు రోజూ ఫోను చేసి నన్ను తిడతాది, "పాన్ పరాగ్ మానేసినావా లేదా" అని. విన్నావా ప్రభువా, ఆ ప్రార్థన కూడా నెరవేరింది, కొంచెం ఎక్కువగానే!

ఆ కాయను పాడుకున్నోళ్లు అవ్వకే తిరిగిచ్చినారు, దాని గింజలు అవ్వ మాకూ రెండిచ్చింది. రాత్రిపూట మా ట్యాంకరు నిలబెట్టే జాగాలో, వాల్వు కారే చోట నాటినాం, రిపేరు చేయించమని ఓనరు అరుస్తానే ఉన్నాడు, పాదు మాత్రం పాకింది. దాని కాయే ఈ పొద్దు ఆ బల్ల మీద ఉండాది, నా తలకాయంత, కాకుంటే దాంట్లో గింజలుండాయి.

మీలో ఎవరికైనా గొంతు పూడుకుపోయి ఉంటే, అప్పో రోగమో బెదురో దేనివల్లయినా సరే, పెద్ద ప్రార్థన కట్టాల్సిన పని లేదు, బొంగురు గొంతుతో ఒక్క మాట చాలు, ఆయన వింటాడు. కాయ మాడింది కదా అని ఆయన పారేయడు, పాదును చూసేవాడాయన. ఆయన్ను నమ్మండి. ఈ మేలు చేసిన తండ్రికి మా అమ్మ, నేను, యాడో ముంబైలో కూర్చున్న నా చెల్లెలు, వందనాలు చెల్లిస్తాండాం.

ఇంక వేలం మొదలుపెడదాం. ఫోన్లో రూతు ముందే పాడతానంటాంది. ఏమప్పా, ఒప్పుకుంటారా? వాల్యూమ్ పెంచినా, వినండి దాని గొంతు!