నేను పీకిన పల్లాకు మొక్కలు

ఏటా వరి కోతల ముందు మినుములు చల్లే రోజులొస్తే నాకో పాత సంగతి గుర్తొస్తుంది. ఇన్నేళ్ళూ మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఇలా రాయటం ఇదే మొదలు. మాట తడబడితే సర్దుకోండి.

మాది దివిసీమలో కోడూరు వైపు. అప్పట్లో కౌలుకి చేసేవాళ్ళం. ఆసామికి కొలవాల్సింది వరిలోంచే కొలుస్తాం. వరి వెనకాల చల్లే మినుములు మాత్రం కౌలుదారువి. ఏడాది పొడుగునా మా ఇల్లు నడిచేది వాటి మీదే. వాటికి పల్లాకు తెగులొస్తుంది. ఆకు పసుపెక్కుతుంది, ఇక కాయ పట్టదు. తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి అంటించేస్తుంది. అంటుకున్నాక మందు లేదు. పసుపు మొక్క కనపడగానే పీకెయ్యటమే. మా అమ్మ చేలో నడుస్తూ, ఎవరితోనో మాట్లాడుతూనే పీకేసేది. నా చెయ్యీ అంతే.

తొంభైల చివర్లో బందరు నుంచి సుధ అనే అమ్మాయి వచ్చింది. పెద్ద చదువు కోసం పరిశోధన చేస్తోంది. కాగితంపూల చెట్టు ఆకులో ఏదో ప్రోటీను ఉందట. ఆ ఆకు రసం ముందే కొడితే మినప మొక్క తెగులుని తనే అడ్డుకుంటుందట. అది నిజమో కాదో మా చేలో చూస్తానంది. సగం చేనుకి రసం కొడతారు. రెండో సగానికి ఏమీ కొట్టరు, ఏ తెగులొచ్చినా మేము చెయ్యి పెట్టకూడదు. పంట పోతే పోయినంతా కాలేజీలో వాళ్ళ సారు ఇప్పిస్తారంది. మా ఆయన నవ్వాడు. “ప్రోటీనంటే పప్పులో ఉండేదే కదండీ. పప్పు మొక్కకే పప్పు తినిపిస్తారా?” ఆ పిల్లా నవ్వింది. ఒక్క మొక్క కూడా ముట్టుకోబోమని ఆయన మాటిచ్చాడు.

నేనివ్వలేదు. నన్నెవరూ అడగలేదు కూడా.

కొట్టని సగంలో మొదటి పసుపాకు కనపడ్డ రోజు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. వారం తిరిగేసరికి పక్క మొక్కలూ పసుపెక్కాయి. కళ్ళెదుట చేను చస్తుంటే చూస్తూ కూర్చోవటం ఏం చదువు? పీకేశాను. కొంగులో వేసుకెళ్ళి గేదెకి పెట్టాను. ఇక రోజూ అదే పని. మినుము అల్లుకుంటుంది కదా, ఖాళీలు కనపడవు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. రసం కొట్టిన సగంలోనూ వెతికాను. అక్కడ ఎప్పుడో ఒకటీ అరా. కొట్టని సగంలో కొంగు నిండిపోయేది. అంటే ఆ ఆకు పనిచేసింది. ఆ పిల్ల అనుకున్నది నిజం. అది తెలిసింది నా ఒక్కదానికే.

చివరిసారి వచ్చినప్పుడు రెండు సగాలూ ఒకలాగే ఉన్నాయి. సుధ గట్టు మీద కూలబడింది.

“పిన్నీ, ఇటువైపు ఎవరన్నా మొక్కలు పీకారా?”

మా ఆయన పక్కనే ఉన్నాడు.

“లేదమ్మా. ఎవరు పీకుతారు?” అన్నాను.

“పోనీ గేదె గానీ పడిందా?”

“మా గేదె అలాంటిది కాదమ్మా.”

నమ్మేసింది. “అయితే కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఆకులోనే బలం లేదు పిన్నీ” అని లేచి చీర దులుపుకుంది. వాళ్ళ సారు ఆ పని ఆపించి వేరే పని అప్పజెప్పారని తర్వాత తెలిసింది.

పీకినందుకు నాకు సిగ్గు లేదు. రేపు ఎవరొచ్చి ముట్టుకోవద్దన్నా మళ్ళీ పీకుతాను. తిండి గింజని చావనిచ్చి లెక్క చూసుకోవటం వాళ్ళకి చేతనవుతుందేమో, నాకు చేతకాదు. కానీ ఆ “లేదమ్మా” ఎందుకన్నాను? మా ఆయన మాట పోతుందనా? అదీ కొంత ఉంది. అంతకన్నా, ఇంత చదువుని ఒక కౌలు మనిషి చెయ్యి పాడుచేసిందని నవ్వుతారేమోనని, ఆ పిల్ల ముందు నేను చిన్నదాన్నయిపోతానని. అందుకని ఆ పిల్లనే చిన్న చేసి పంపించాను.

సుధమ్మా, నీ ఆకు పనిచేసింది. పీకింది నేనే. దాదాపు అన్నీ కొట్టని సగంలోవే. తిట్టుకుంటే తిట్టుకో, క్షమించమని మాత్రం అడగను. చెప్పేశాను.

పొద్దున్నే చేలోకి వెళ్ళాలి. ఈ ఏడూ పల్లాకు కనపడుతోంది.